రెడ్ ఎప్పుడు పడుతుందో తెలిస్తే ఏ దారిన వెళ్లాలో తెలుస్తుందా?

నగరంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దారి అడిగితే నావిగేషన్ యాప్ రెండు మూడు దారులు చూపిస్తుంది. ఒకటి 14 నిమిషాలు, ఇంకోటి 15. ఆ ఒక్క నిమిషం తేడా దూరం వల్ల వచ్చిందా, రద్దీ వల్ల వచ్చిందా, సిగ్నళ్ల వల్ల వచ్చిందా అన్నది మాత్రం చెప్పదు. పెద్ద కూడలిలో ఒక్క రెడ్ పడితే చాలు, ఆ నిమిషం కాస్తా అక్కడే హరించుకుపోతుంది. ఆ రెడ్ ఎంతసేపు ఉంటుందో, తర్వాత ఎవరికి గ్రీన్ వస్తుందో తెలిసింది కూడలి పక్కన ఇనప పెట్టెలో ఉండే కంట్రోలర్‌కి. దారి చెప్పే యాప్‌కి చాలా చోట్ల ఆ పెట్టెతో సంబంధమే లేదు.

ఈ రెండింటినీ కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. కాకపోతే ఈ మాట వినగానే చాలామంది ఊహించుకునేది ఒకటే: ముందున్న సిగ్నళ్లు ఇప్పుడు ఏ రంగులో ఉన్నాయో యాప్ చూసి, గ్రీన్‌లు ఉన్న దారిలో మనల్ని పంపిస్తుందని. నా ఉద్దేశంలో గందరగోళమంతా ఆ ఊహ దగ్గరే మొదలవుతుంది. దారి ఎంచుకోవడానికి సిగ్నల్ ఈ క్షణంలో ఏ రంగులో ఉందన్నది దాదాపు పనికిరాదు. పనికొచ్చేది దాని నడక: ఏ వేళకి సైకిల్ (సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం) ఎంత, అందులో ఏ మలుపుకు ఎంత గ్రీన్, అక్కడ బండ్ల వరుస ఎంత పెరుగుతుంది. రంగు పనికొచ్చే చోటు కూడా ఉంది, కానీ అది ప్రయాణం మొదట్లో కాదు.

ముందు నడక సంగతి చూద్దాం. సిగ్నల్ అన్ని వైపులకూ వంతులు ఇచ్చి మళ్లీ మొదటికి రావడానికి పట్టే సమయం సైకిల్. అందులో ఒక్కో వంతు ఒక్కో ఫేజ్. పక్కపక్క కూడళ్లలో గ్రీన్ మొదలయ్యే క్షణాల మధ్య కావాలని పెట్టే తేడా ఆఫ్‌సెట్. ఈ మూడూ కుదిరితే ఒక కూడలిలో బయల్దేరిన బండికి తర్వాతి కూడళ్లలోనూ గ్రీనే దొరుకుతుంది. దాన్నే గ్రీన్ వేవ్ అంటారు.

120 సెకన్ల సైకిల్ ఉన్న ఒక కూడలి తీసుకుందాం. తిన్నగా వెళ్లేవాళ్లకి 80 సెకన్ల గ్రీన్, 40 సెకన్ల రెడ్. ఎదురుగా వచ్చే బండ్లను దాటుకుంటూ తిరిగే మలుపుకి 40 సెకన్ల గ్రీన్, 80 సెకన్ల రెడ్. రెడ్ రెండింతలు ఉంది కాబట్టి ఆగాల్సిన సమయమూ రెండింతలే ఉంటుందని అనిపిస్తుంది. కాదు. బండి ఏ క్షణంలోనైనా రావచ్చనుకుంటే, రెడ్‌లో చిక్కుకునే అవకాశం రెండింతలవుతుంది, చిక్కుకుంటే ఆగే సమయమూ రెండింతలవుతుంది. రెండూ కలిసి నాలుగింతలు. లెక్క వేస్తే తిన్నగా వెళ్లేవాళ్లు సగటున 7 సెకన్లు ఆగుతారు, మలుపు తిరిగేవాళ్లు 27 సెకన్లు ఆగుతారు. 1958లో బ్రిటన్ రోడ్డు పరిశోధన సంస్థలో వెబ్‌స్టర్ ఇచ్చిన ఆలస్యం సూత్రాన్ని బాగా ఖాళీగా ఉన్న రోడ్డుకి వర్తింపజేస్తే వచ్చేది ఇదే. ట్రాఫిక్ ఇంజినీర్లు ఇప్పటికీ ఆ సూత్రాన్ని వాడుతూనే ఉన్నారు.

ఒకే రోడ్డు మీద వచ్చి ఒకే కూడలి దాటిన ఇద్దరికి 20 సెకన్ల తేడా వచ్చిందంటే, దారి చెప్పే పద్ధతికి అది చిన్న విషయం కాదు. యాప్‌లు ఫోన్ల నుంచి వచ్చే వేగాలను వాడతాయి కాబట్టి సిగ్నల్ ఆలస్యం ఎలాగూ అందులో కలిసే ఉంటుందని అనొచ్చు. నిజమే, కలిసే ఉంటుంది. కలిసిపోవడమే ఇబ్బంది. రోడ్డు ముక్క మొత్తానికి ఒకే సగటు కడితే తిన్నగా వెళ్లేవాళ్ల 7, తిరిగేవాళ్ల 27 ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. తిన్నగా వెళ్లే దారి ఉన్నదానికంటే నెమ్మదిగా, నాలుగు మలుపులున్న అడ్డదారి ఉన్నదానికంటే వేగంగా కనిపిస్తాయి. అందుకే ఖర్చుని రోడ్డు ముక్కకి కాకుండా మలుపుకి కట్టాలి. ‘ఈ రోడ్డు నుంచి ఆ రోడ్డులోకి తిరగడానికి, ఈ వేళలో, ఇంత’ అని. అమెరికాలో యూపీఎస్ కంపెనీ తన డెలివరీ బండ్లకు ఎడమ మలుపులు వీలైనంత తక్కువ వచ్చేలా దారులు వేయడం చాలా ఏళ్ల నుంచి తెలిసిన సంగతే. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఎదురు బండ్లను దాటాల్సింది ఎడమ మలుపులోనే. దూరం కొంచెం పెరిగినా వాళ్లకి గిట్టుబాటు కావడానికి ఒక పెద్ద కారణం ఈ లెక్కే.

ఇదంతా క్యూ లేని రోడ్డు లెక్క. క్యూ వచ్చిందంటే కథ మారిపోతుంది. గ్రీన్ పడ్డాక ఒక లేన్‌లోంచి దాదాపు రెండు సెకన్లకి ఒక కారు చొప్పున బయటపడుతుంది. 40 సెకన్ల గ్రీన్‌లో, మొదటి బండి కదలడానికి పట్టే ఒకటి రెండు సెకన్లు తీసేస్తే, 19 కార్లు దాటతాయి. ఒక్కో సైకిల్‌కి 17 కార్లే వస్తుంటే వచ్చినవాళ్లలో చాలామంది అదే గ్రీన్‌లో దాటేస్తారు. 22 వస్తే? మొదటి సైకిల్ తర్వాత ముగ్గురు మిగులుతారు, రెండో దాని తర్వాత ఆరుగురు, పది సైకిళ్లయ్యేసరికి 30 మంది. అప్పుడు కొత్తగా వచ్చి వరుస చివర నిలబడ్డవాళ్లకి ఒక గ్రీన్ కళ్ల ముందే పోతుంది, రెండోదాంట్లో కూడా దాటతారన్న గ్యారంటీ లేదు. 17కీ 22కీ మధ్య తేడా ఐదు కార్లే, కానీ ఆలస్యం సెకన్ల నుంచి నిమిషాల్లోకి ఎగబాకుతుంది. కూడలి ఆ 19 కార్ల హద్దుకి ఎంత దగ్గరలో ఉందో కంట్రోలర్‌కి, బండ్లను పసిగట్టడానికి రోడ్డులో పాతిన లూప్ డిటెక్టర్లకి ముందే తెలుస్తుంది. ఫోన్ల వేగాల్లో అది కనబడేది జనం ఇరుక్కున్నాకే. సిగ్నల్ డేటా వల్ల దారి చెప్పేవాళ్లకి దొరికే అసలైన లాభం ఇదేనని నాకనిపిస్తుంది: వరుస పెరగడం మొదలైనప్పుడే తెలియడం.

ఇక రంగు సంగతి. మూడు కిలోమీటర్ల అవతల ఒక సిగ్నల్ ఉంది. అక్కడికి చేరడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందని అంచనా. దారిలో బస్సులు ఆగుతాయి, ఎవరో రోడ్డు దాటుతారు, ముందున్న బండి నెమ్మదిస్తుంది. అంచనా ఒక నిమిషం అటూ ఇటూ కావడం మామూలే. సైకిల్ 90 సెకన్లైతే, ఆ రెండు నిమిషాల ఊగిసలాటలో సైకిల్ మొత్తం ఒకసారి పైగా తిరిగొస్తుంది. అంటే మనం అక్కడికి చేరే క్షణం ఆ సైకిల్‌లో ఎక్కడైనా పడొచ్చు. ఇప్పుడు అక్కడ గ్రీన్ ఉందని తెలిసినా తెలియకపోయినా ఒకటే.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది కాస్త ఆగి చూడాల్సిందే. ఆఫ్‌సెట్లు కుదిర్చిన రోడ్డు మీద సిగ్నళ్లు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. మొదటి కూడలిలో గ్రీన్ మొదట్లో దాటిన బండికి తర్వాతి మూడింట్లో గ్రీన్ దొరికే అవకాశం బాగా ఎక్కువ. అదే రోడ్డులోకి మధ్యలో ఒక పక్క వీధి నుంచి వచ్చి చేరిన బండి ఆ వరుసకి బయట పడుతుంది, తర్వాతి కూడలిలో రెడ్ ఎదురవుతుంది. రోడ్డు ఒకటే, సిగ్నళ్లు అవే, అయినా ఎక్కడ చేరామన్న దాన్ని బట్టి సమయం మారుతుంది. ఒక్కో సిగ్నల్‌కి విడిగా సగటు కట్టి కూడితే ఈ ముడి కనబడదు. అలాంటి రోడ్డుని మొదటి నుంచి చివరి దాకా ఒకే ముక్కగా లెక్కించాలి.

గణితం వైపు నుంచి మాత్రం పెద్ద అడ్డంకి లేదు. డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన అతిచిన్న దారి పద్ధతిని కాలంతో మారే ఖర్చులకు కూడా వాడొచ్చు, ముందు వచ్చినవాళ్లు వెనక వచ్చినవాళ్ల కంటే ఆలస్యంగా బయటపడరన్న షరతు నిలిస్తే చాలు. సిగ్నల్ దగ్గర అది నిలుస్తుంది. రెడ్‌లో తొందరగా చేరినందువల్ల లాభం లేకపోవచ్చు గానీ నష్టం మాత్రం రాదు.

రంగు నిజంగా పనికొచ్చేది చివరి కొన్ని వందల మీటర్లలో. అక్కడ దారి మారదు, వేగం మారుతుంది. స్టాప్ లైన్‌కి 300 మీటర్ల దూరంలో ఉన్నాం, 30 సెకన్లలో గ్రీన్ వస్తుందనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 22 సెకన్లలో చేరి, బ్రేక్ వేసి, 8 సెకన్లు నిలబడి, మళ్లీ మొదటి గేర్ నుంచి మొదలుపెట్టాలి. 36 వేగంతో వెళ్తే సరిగ్గా గ్రీన్ పడేసరికి చేరతాం, ఆగకుండా దాటతాం. చేరే సమయం అంతే, కానీ ఆగి మళ్లీ కదలడానికి తాగే ఇంధనం మిగులుతుంది, బ్రేకుల అరుగుదల తగ్గుతుంది, మనసుకీ హాయి. ఇందులో చాలా సూచనలు బోల్తా పడే చోటు ఒకటుంది. లైన్ దగ్గర ఇప్పటికే ఆరు కార్లు నిలబడి ఉంటే, గ్రీన్ పడ్డాక అవి కదిలి తప్పుకోవడానికి ఇంకో 13 సెకన్లు పడుతుంది. అప్పుడు సరైన వేగం 36 కాదు, 25. వరుస పొడవు తెలియకుండా రంగు ఒక్కటే చూసి వేగం చెబితే, ఆగి ఉన్న బండి వెనక్కి పంపించినట్టే అవుతుంది.

ఆడి 2016 చివర్లో లాస్ వేగాస్‌లో ఇలాంటి సౌకర్యాన్ని తన కార్లలో మొదలుపెట్టింది. గ్రీన్‌కి ఎన్ని సెకన్లుందో డాష్‌బోర్డు మీద కనిపిస్తుంది. గ్రీన్ రావడానికి కొన్ని సెకన్ల ముందే ఆ అంకె మాయమైపోతుంది, డ్రైవర్ చూపు తెర మీంచి రోడ్డు మీదికి రావాలని. అది చాలా సరైన నిర్ణయం. సెకన్లు లెక్కపెడుతూ సున్నాకి ముందే కదిలే బండి, అప్పుడే రోడ్డు దాటడం పూర్తిచేస్తున్న మనిషికి ప్రాణాంతకం.

ఇంతకీ ఆ సెకన్లు ముందే ఎలా తెలుస్తాయి? సిగ్నల్ టైమింగ్ ముందే బిగించి ఉంటే గడియారం చూసి చెప్పేయొచ్చు, కంట్రోలర్ గడియారం తప్పకుండా ఉన్నంతవరకు. కానీ చాలా నగరాల్లో సిగ్నళ్లు రద్దీని బట్టి తమంతట తామే మారతాయి. సిడ్నీలో పుట్టిన స్కాట్స్, బ్రిటన్‌లో పుట్టిన స్కూట్ అనే సిగ్నల్ వ్యవస్థలు 1970ల నుంచి చేస్తున్న పని అదే. వచ్చే బండ్లను బట్టి గ్రీన్ సాగుతుంది, ఎవరూ రాకపోతే ముందే ముగుస్తుంది. ఎవరో పాదచారుల బటన్ నొక్కుతారు, బస్సుకి ప్రాధాన్యం ఇస్తుంది, అంబులెన్స్ వస్తే ఉన్న లెక్కంతా పక్కకి పోతుంది. కంట్రోలర్ పన్నెండు సెకన్ల తర్వాత ఏం చేస్తుందో ఒక్కోసారి దానికే ఇంకా తెలియదు.

అందుకే సిగ్నల్ నుంచి బండికి వెళ్లే సందేశంలో ఒకే అంకె ఉండదు. అమెరికా ఆటో ఇంజినీర్ల సంఘం రూపొందించిన జె2735 ప్రమాణంలో దీనికోసం స్పాట్ అనే సందేశం ఉంది. ఈ ఫేజ్ ఎంత తొందరగా ముగియొచ్చు, ఎంత ఆలస్యంగా ముగియొచ్చు, ఎప్పుడు ముగిసే అవకాశం ఎక్కువ, ఆ అంచనా మీద నమ్మకం ఎంత అన్నవన్నీ అందులో విడివిడిగా చెప్పొచ్చు, సెకనులో పదో వంతు కొలతతో. దానికి తోడు మ్యాప్ సందేశం ఏ లేన్‌లోంచి ఎటు వెళ్లొచ్చో, ఏ లైటు ఏ లేన్‌కి వర్తిస్తుందో చెబుతుంది. ఈ రెండోది లేకపోతే మొదటిదాంతో లాభం లేదు. మన లేన్‌ది కాని గ్రీన్ లెక్క చూసి మనం వేగం పెంచితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

నగరం డేటా ఇవ్వకపోతే? అప్పుడు బండ్ల కదలికల నుంచే సిగ్నల్ నడకని రాబట్టాలి, అది ముచ్చటైన లెక్క. ఒక స్టాప్ లైన్ దగ్గర ఆగి ఉన్న నాలుగు బండ్లు వేర్వేరు సమయాల్లో కదిలాయి: 12వ సెకను, 193, 281, 462. చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. ప్రతి అంకెనీ 100తో భాగించి శేషాలు చూడండి: 12, 93, 81, 62. చెల్లాచెదురుగానే ఉన్నాయి. 90తో భాగించండి: 12, 13, 11, 12. ఒక్క చోటికి చేరిపోయాయి. సైకిల్ 90 సెకన్లు, గ్రీన్ 12వ సెకను దగ్గర మొదలవుతుంది. 45తోనూ 30తోనూ భాగించినా ఇలాగే చేరతాయి కాబట్టి, కుదిరిన వాటిలో పెద్దదాన్ని తీసుకుని, ఇంకొన్ని బండ్లతో సరిచూడాలి. నాలుగు బండ్లే చాలవు గానీ, ఒక రోడ్డు మీద కొన్ని వారాల పాటు వెళ్లిన ఫోన్ల జాడలు ఉంటే ఈ పద్ధతి బాగా నిలుస్తుంది. రోజులో ప్లాన్ మారే సమయాలు కూడా బయటపడతాయి.

ఇంకో దారి కెమెరా. 2011లో ఎంఐటీ, ప్రిన్స్‌టన్ పరిశోధకులు సిగ్నల్‌గురు అనే పద్ధతిని చూపించారు. కారు అద్దం దగ్గర పెట్టిన ఫోన్లు లైటుని చూసి ఒకదానికొకటి చెప్పుకుని తర్వాతి మార్పుని అంచనా వేస్తాయి. బిగించిన టైమింగ్ ఉన్న కేంబ్రిడ్జ్‌లో (అమెరికాలోనిది) సగటు తప్పు 0.66 సెకన్లు, రద్దీని బట్టి మారే సిగ్నళ్లున్న సింగపూర్‌లో 2.45 సెకన్లు. ఆ సూచనల ప్రకారం వేగం సరిచేసుకుంటే ఇంధనం సగటున 20 శాతం ఆదా అయింది. సిగ్నల్ ఎంత తెలివిగా మారితే దాన్ని ముందే పసిగట్టడం అంత కష్టమన్నది ఆ రెండు అంకెల్లోనే ఉంది.

ఇప్పటిదాకా ఒక్క డ్రైవర్ గురించే మాట్లాడాం. అందరికీ ఇదే సలహా వెళ్తే ఏమవుతుంది? 1952లో బ్రిటన్ ట్రాఫిక్ పరిశోధకుడు వార్డ్‌రాప్ ఒక తేడా చూపించాడు: ఎవరికి వాళ్లు తమ దారి తగ్గించుకుంటే వచ్చే స్థితి వేరు, అందరి సమయం కలిపి తగ్గించే స్థితి వేరు. 1968లో జర్మన్ గణితవేత్త బ్రాయెస్ ఇంకా ముందుకెళ్లి, కొత్త రోడ్డు వేస్తే అందరి ప్రయాణమూ ఆలస్యమయ్యే సందర్భాలున్నాయని లెక్కతో నిరూపించాడు. సిగ్నళ్లు చేరితే ఇంకో మెలిక పడుతుంది. యాప్ ఎక్కువ గ్రీన్ ఉన్న రోడ్డుకి జనాన్ని పంపిస్తుంది. సిగ్నల్ ఎక్కువ బండ్లు వస్తున్న రోడ్డుకి గ్రీన్ పెంచుతుంది. ఒకదాన్ని చూసి ఇంకోటి ఎగదోసుకుంటూ పోతే, అంత రద్దీ మోయలేని ఇరుకు రోడ్డు కూడా ప్రధాన రోడ్డు అయి కూర్చోవచ్చు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఇద్దరూ తమ పని తాము సరిగ్గానే చేస్తున్నారు. యార్క్ విశ్వవిద్యాలయ గణితవేత్త మైక్ స్మిత్ 1980 ప్రాంతంలోనే దీనికొక విరుగుడు చెప్పాడు. గ్రీన్ పంచేటప్పుడు ఆలస్యాన్ని ఒక్కదాన్నే చూడకుండా, ఆ రోడ్డు ఎన్ని బండ్లను మోయగలదన్నదీ కలిపి చూస్తే రద్దీ తనంతట తాను వెడల్పు రోడ్ల వైపు మళ్లుతుందని.

అంటే డేటా ఒకవైపే ప్రవహిస్తే చాలదు. సిగ్నల్ తన నడకని యాప్‌కి చెప్పాలి, యాప్ తాను ఎంతమందిని ఎటు పంపుతోందో సిగ్నల్‌కి చెప్పాలి. రెండో వైపు ఎంత మేలు ఉందో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మిషిగన్ రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ అనే చిన్న నగరంలో, కొద్ది శాతం బండ్ల జాడలతోనే సిగ్నల్ టైమింగులు సరిచేస్తే ఆలస్యం 20 శాతం దాకా, ఆగడాలు 30 శాతం దాకా తగ్గాయని 2024లో పరిశోధన వెలువడింది. రోడ్డు తవ్వి డిటెక్టర్లు పాతాల్సిన అవసరం లేకుండానే. గూగుల్ కూడా గ్రీన్ లైట్ అనే ప్రాజెక్టు కింద తన మ్యాప్స్ డేటాతో టైమింగ్ సూచనలు తయారుచేసి నగర ఇంజినీర్లకు ఇస్తోంది.

ఈ రెండో వైపుని గుడ్డిగా నమ్మకూడదన్న హెచ్చరిక నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. అక్కడ సైకిల్ తొక్కేవాళ్ల ఫోన్ యాప్ నుంచి ‘వస్తున్నాను’ అన్న కబురు అందితే గ్రీన్ ఇచ్చే సిగ్నళ్లు కొన్ని నగరాల్లో ఉన్నాయి. 2020లో ఇద్దరు భద్రతా పరిశోధకులు ఇంట్లో కూర్చుని లేని సైకిళ్లను ఉన్నట్టు పంపించి, ఆ సిగ్నళ్లను మార్చి చూపించారు. లోపాన్ని ముందుగా సంబంధితులకు తెలియజేశారు కూడా. బయటి నుంచి వచ్చే కబురుని సిగ్నల్ ఒక సూచనగానే తీసుకోవాలి, కనీస గ్రీన్, పాదచారుల సమయం లాంటి హద్దులు కంట్రోలర్ చేతిలోనే ఉండాలి. అలాగే ప్రజల ప్రయాణ జాడలు కూడలికి చేరాల్సింది లెక్కలుగానే. ఎవరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్నది సిగ్నల్‌కి అక్కర్లేదు.

నగరాలు ఏం చేయాలన్న ప్రశ్నకి నా సమాధానం ఖరీదైనది కాదు. క్షణక్షణం రంగులు పంపించే రేడియో పెట్టెలు బిగించే దాకా ఆగక్కర్లేదు. ప్రతి నగరం దగ్గరా టైమింగ్ ప్లాన్లు ఇప్పటికే ఉన్నాయి: ఏ కూడలిలో, ఏ రోజు, ఏ గంటకి, ఏ సైకిల్, ఏ వైపుకి ఎంత గ్రీన్, పక్క కూడలితో ఆఫ్‌సెట్ ఎంత. చాలా చోట్ల అవి ఆఫీసు ఫైళ్లలో, కంట్రోలర్ల లోపల ఉండిపోతున్నాయి. ముందు వాటిని అందరూ చదవగలిగే ఒకే పద్ధతిలో బయటపెట్టి, ప్లాన్ మారిన రోజే మార్పు కూడా పెట్టాలి. తర్వాత డిటెక్టర్ల నుంచి మలుపుల వారీగా ఆలస్యం, వరుస పొడవు ఐదు నిమిషాలకోసారి ఇవ్వాలి. దారి ఎంపికకి కావాల్సిందాంట్లో పెద్ద భాగం ఈ రెండింటితోనే తీరుతుంది. సెకన్ల లెక్కతో వేగం చెప్పే సౌకర్యం ఆ తర్వాత, కూడలి కూడలికీ లేన్ల మ్యాప్ సరిచూసుకుంటూ రావచ్చు. యాప్‌లు కూడా ‘14 నిమిషాలు’ అని ఒక్క అంకె చూపించడం మాని ‘13 నుంచి 17’ అని చూపిస్తే, పరీక్షకో రైలుకో వెళ్తున్న మనిషి ఎన్నింటికి బయల్దేరాలో తనే తేల్చుకుంటాడు.